మన్ను లేని నారుమడి

"మన్ను లేకుండా మొక్క యాడ మొలుస్తుంది? దానికి బలం యాడిది?"

షేడ్‌నెట్ నర్సరీకి మొదటిసారి నారు కొనడానికి వచ్చిన రైతు అడిగే ప్రశ్న ఇది. అడగడంలో న్యాయం ఉంది. తాతల కాలం నుంచి నారుమడి అంటే బావి పక్కన చిన్న మడి కట్టి, మాగిన దిబ్బ ఎరువు కలిపి, గింజలు చల్లి, పైన వరిగడ్డి కప్పి, పొద్దునా సాయంత్రమూ నీళ్ళు చిలకరించడం. ఇప్పుడేమో గుంతలు గుంతలుగా ఉన్న నల్లటి ప్లాస్టిక్ ట్రే. ఒక్కో ట్రేకు మామూలుగా 98 గుంతలు. గుంత నిండా ఇటుకరంగు పొట్టు. ఆ పొట్టులోంచి గుంతకొక్క మొక్క. కాండం మొదట్లో పట్టుకొని మెల్లగా లాగితే తెల్లటి వేర్లు అల్లుకున్న చిన్న గడ్డ ఊడి చేతికొస్తుంది. అందులో చిటికెడు మన్ను కూడా ఉండదు. కడప, కర్నూలు జిల్లాల్లో టమాటా, మిరప, వంగ, బంతి, బొప్పాయి, కళింగర నారు ఇప్పుడు ఎక్కువగా ఇలాగే పొలానికి వెళుతోంది.

పైగా ఇది చల్లని బెంగళూరు కాదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన, ఏప్రిల్ దాటితే 40 డిగ్రీల పైన ఎండ, బోరు వేస్తే ఉప్పు నీళ్ళో సుద్ద నీళ్ళో పడే నేల. ఇక్కడ మన్నులోనే మొక్కను బతికించడం కష్టమైతే, మన్ను తీసేసి ఎలా బతికిస్తున్నారు?

గింజ కట్టుకొచ్చిన సద్ది

టమాటా విత్తనాలు గ్రాముకు మూడు వందల దాకా తూగుతాయి. అంటే గింజ బరువు మూడు మిల్లీగ్రాములు. ఆ కాస్తలోనే పిండ రూపంలో ఒక మొక్క, దానికి ఆనుకొని కొంత నూనె, కొంత మాంసకృత్తులు సర్దుకొని ఉంటాయి. అడవికి గొర్రెలు తోలుకుపోయే మనిషి సద్ది కట్టుకున్నట్టు గింజ తన తిండి తానే కట్టుకొస్తుంది. మొదటి వేరు కిందికి దిగి, రెండు విత్తనాకులు విచ్చుకొని, ఎండను పట్టుకొని సొంతంగా వండుకోవడం మొదలుపెట్టేదాకా ఆ సద్ది చాలు. ఆ వారం పది రోజులూ దానికి కావలసినవి నీళ్ళు, గాలి, వెచ్చదనం. ఎరువు అక్కర్లేదు. ఎక్కువైతే చేటు కూడా. ఎరువంటే ఉప్పే కదా. గింజ చుట్టూ ఉప్పు పెరిగితే నీళ్ళు లోపలికి రావడానికి మొరాయిస్తాయి.

ఎండిన గింజ నీళ్ళలో పడగానే ఉబ్బుతుంది. ఈ ఉబ్బడంలో జీవం పనేమీ లేదు, చచ్చిన గింజ కూడా అలాగే ఉబ్బుతుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. తడిసిన గింజలో శ్వాస ఒక్కసారిగా పెరుగుతుంది. దాచిన నూనెను కరిగించి, ఆ శక్తితో కణాలను సాగదీసి వేరును బయటికి నెట్టాలి. దానికి ప్రాణవాయువు కావాలి. బాగా నానిన గింజ బురదలో పడి కుళ్ళిపోవడానికి కారణం చాలాసార్లు నీళ్ళు ఎక్కువవడం మాత్రమే కాదు, ఆ నీళ్ళు గాలిదారి మూసేయడం.

అన్ని గింజలూ ఇంత బుద్ధిగా మొలవవు. బొప్పాయి గింజ మీద జిగురు సంచి ఒకటి ఉంటుంది. అందులోని పదార్థాలు గింజను మొలవనివ్వవు. రైల్వే కోడూరు వైపు బొప్పాయి వేసేవాళ్ళు పండులోంచి తీసిన గింజను బూడిదతో రుద్ది కడగడం ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. నిమ్మజాతి గింజలది మరో తీరు. వాటిని ఎండబెడితే మొలిచే శక్తి పోతుంది, పండు కోసిన వెంటనే విత్తాలి. శేషాచలం, పాలకొండల ఎర్రచందనం గింజ రెక్కలున్న గట్టి కాయలో ఇరుక్కొని ఉంటుంది. అటవీ నర్సరీల్లో ఆ కాయల్ని నీళ్ళలోనో పేడనీళ్ళలోనో నానబెట్టి విత్తుతారు, అయినా మొలిచేవి తక్కువే.

తొట్టిలో విల్లో కొమ్మ

మొలిచిన తర్వాత సంగతేమిటి? అప్పుడైనా మన్నులోంచే కదా మొక్క ఒళ్ళు చేసేది?

ఈ ప్రశ్నను తూకం వేసి తేల్చాలనుకున్నవాడు బ్రస్సెల్స్‌కు చెందిన వైద్యుడు వాన్ హెల్మాంట్. మన్నును పొయ్యిలో ఆరబెట్టి, 200 పౌండ్లు తూచి తొట్టిలో పోసి, ఐదు పౌండ్ల విల్లో కొమ్మను అందులో నాటాడు. ఐదేళ్ళు నీళ్ళు తప్ప ఏమీ పోయలేదు. చివరికి చెట్టు 169 పౌండ్లు తూగింది. మన్నును మళ్ళీ ఆరబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ ప్రయోగం ఉంది. చెట్టంతా నీళ్ళలోంచే వచ్చిందని ఆయన తేల్చాడు. సగం తప్పు. చెట్టు ఒంట్లోని కర్బనం గాలిలోంచి వచ్చిందని తేలడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది. కానీ ఆయన పట్టించుకోకుండా వదిలేసిన ఆ రెండు ఔన్సుల్లోనే మన రైతు అడిగే "బలం" ఉంది. నత్రజని, భాస్వరం, పొటాష్, ఇనుము, మరికొన్ని లవణాలు.

1860లలో జర్మనీలో జూలియస్ జాక్స్, విల్‌హెల్మ్ క్నాప్ ఆ లవణాలను నీళ్ళలో కలిపి, మన్ను అసలు లేకుండానే మొక్కలు పెంచి చూపారు. 1930లలో కాలిఫోర్నియాలో గెరిక్ అనే ఆయన తొట్లలో లవణాల నీళ్ళు పోసి, నిచ్చెన వేసుకొని కోయాల్సినంత ఎత్తు టమాటాలు పెంచి పత్రికలకెక్కాడు. ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అనే పేరును వాడుకలోకి తెచ్చింది ఆయనే. మన దేశంలో 1940లలోనే కలింపాంగ్‌లోని ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో షోల్టో డగ్లస్ దీన్ని పరీక్షించాడు.

మన్ను చేసే పనులు నిజానికి చాలా ఉన్నాయి. మొక్కను నిలబెడుతుంది, నీళ్ళు దాస్తుంది, వేరుకు గాలి ఇస్తుంది, లవణాలు కూడబెడుతుంది, కోట్ల సూక్ష్మజీవులకు ఇల్లవుతుంది. పెద్ద చేలో ఈ పనులన్నీ అది చేసినంత బాగా మరేదీ చేయలేదు. కానీ బొటనవేలంత గుంతలో పెడితే అదే మన్ను మొదటి రెండు మూడు పనుల్లోనే తప్పుతుంది. ట్రేలోంచి మన్నును బయటికి పంపింది ఈ లోపమే.

గుంతలో నీళ్ళు ఎక్కడ ఆగుతాయి

ఇంట్లో గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకోండి. నీళ్ళలో పూర్తిగా ముంచి, అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి. కొన్ని బొట్లు కారి ఆగిపోతాయి. ఇప్పుడు పిండకుండా దాన్ని పొడుగు అంచు మీద నిలబెట్టండి. ఆగిన నీళ్ళు మళ్ళీ కారతాయి. పొట్టి అంచు మీద, ఇంకా ఎత్తుగా నిలబెట్టండి. ఇంకొన్ని కారతాయి. స్పాంజి అదే, నీళ్ళూ అవే. మారింది ఎత్తు ఒక్కటే.

సన్నటి రంధ్రాలున్న దేనిలోనైనా నీళ్ళు కిందికి దిగి, అడుగున కొంత మందాన నిండుగా నిలిచిపోతాయి. రంధ్రాలు నీటిని పట్టి ఉంచే బలమూ, భూమి కిందికి లాగే బలమూ సమానమైన చోట ఆ మట్టం ఆగుతుంది. అడుగున చిల్లు ఉన్నా ఆ నీళ్ళు దిగవు. దీన్ని నిలబడ్డ నీటిమట్టం అందాం. చేలో ఈ మట్టం ఎక్కడో లోతున ఉంటుంది కాబట్టి వేర్లకు అడ్డం రాదు. ట్రే గుంత లోతు నాలుగైదు సెంటీమీటర్లు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిని అందులో నింపితే, రేగడి రేణువులు మరీ సన్నం కాబట్టి నిండుగా నిలిచే మందమే గుంత లోతు కన్నా ఎక్కువవుతుంది. అంటే నీళ్ళు పోసిన తర్వాత గుంతంతా తడి, గాలికి చోటు లేదు. ఎండితే రాయి. రాయచోటి వైపు ఎర్రమన్ను కొంచెం మేలు, కానీ అదీ నాలుగు తడులకు గట్టిపడుతుంది.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. కుండీ అడుగున గులకరాళ్ళో పెంకులో వేస్తే నీళ్ళు బాగా దిగుతాయని చాలామంది నమ్మకం. సన్నటి రంధ్రాల్లోని నీళ్ళు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి సులువుగా దూకవు. పై పొర నిండేదాకా ఆగుతాయి. కాబట్టి పెంకులు వేస్తే నిలబడ్డ నీటిమట్టం పోదు, పెంకుల ఎత్తున పైకి జరుగుతుంది. వేరుకు మిగిలే చోటు తగ్గుతుంది. కుండీ నిండా ఒకే మిశ్రమం నింపడం మేలు. చిల్లు మూసుకుపోకుండా ఒక పెంకు ముక్క పెడితే సరిపోతుంది.

గాలి లేకపోతే ఏమవుతుందో లెక్క చూద్దాం. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో కరిగి ఉండేది సుమారు ఎనిమిది. పైగా నీళ్ళలో అది కదిలే వేగం గాలిలో కన్నా పదివేల రెట్లు తక్కువ. వేరు తన చుట్టూ ఉన్న ఎనిమిది మిల్లీగ్రాములు పీల్చేశాక కొత్తది వచ్చేసరికి ఊపిరాడక పోతుంది.

ఇప్పుడు కడప ఎండను ఇందులో కలపండి. నీళ్ళు వేడెక్కేకొద్దీ కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 35 డిగ్రీలకు లీటరుకు ఏడు మిల్లీగ్రాముల దగ్గరికి వస్తుంది. వేరు శ్వాస మాత్రం పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. అవసరం రెట్టింపు, దొరికేది తక్కువ. మే నెలలో మధ్యాహ్నం నారు వాడిందని కంగారుపడి ఇంకో తడి ఇచ్చేవాళ్ళు చూడాల్సింది ఇదే. మొక్క వాడుతున్నది నీళ్ళు లేకనా, ఊపిరాడని వేరు నీళ్ళు తీసుకోలేకనా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. గుంతలోని గడ్డను తీసి చూస్తే తెలుస్తుంది. పొట్టు తేలికగా పొడిగా ఉంటే దాహం. బరువుగా తడిగా ఉండి, వేరు కొస గోధుమ రంగుకు తిరిగితే రెండోది. దానికి మందు నీడే, నీళ్ళు కాదు. నా దృష్టిలో రాయలసీమ నర్సరీలో నేర్చుకోవాల్సిన విద్యలో సగం ఈ తేడా కనిపెట్టడమే.

కొబ్బరిపొట్టు సంగతి

తడినీ గాలినీ ఒకే గుంతలో ఇముడ్చుకునే పదార్థం కావాలి. యూరప్, అమెరికా దేశాల్లో చిత్తడి బురదల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచు తీసి వాడారు, దాన్ని పీట్ అంటారు. 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇసుక, పీట్ కలిపి తెగుళ్ళు లేని నారు పెంచే పద్ధతిని పుస్తకంగా వేశారు. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయం ఇసుకను కూడా తీసేసి పీట్‌లో తేలికపాటి ఖనిజాలు కలిపింది. వాటిలో ఒకటైన వర్మిక్యులైట్ మన నెల్లూరు మైకా ప్రాంతంలోనే దొరుకుతుంది. దాన్ని బాగా వేడిచేస్తే పొరల మధ్య నీరు ఆవిరై పొరలు విచ్చుకుంటాయి. పీట్‌తో చిక్కు ఏమిటంటే, ఆ బురద ఏడాదికి ఒక మిల్లీమీటరు మందాన పెరుగుతుంది, తవ్వితే మళ్ళీ రావడానికి తరాలు పడతాయి. మనకు అది దిగుమతి సరుకు.

కొబ్బరిపొట్టు ఆ చోటును నింపింది. కొబ్బరి డొక్క నుంచి పీచు తీసినప్పుడు రాలే పొడి ఇది. కోకోపీట్ అనే పేరు నర్సరీల్లో బాగా నాటుకుపోయింది. కోనసీమలోనూ తమిళనాడులో పొల్లాచ్చిలోనూ కేరళలోనూ పీచు మిల్లుల పక్కన ఇది దశాబ్దాల పాటు దిబ్బలుగా పడి ఉండేది. కుళ్ళదు, పశువు తినదు, నిప్పంటుకుంటే రోజుల తరబడి రాజుకుంటుంది. కుళ్ళకపోవడానికి కారణం అందులోని లిగ్నిన్, కట్టెకు గట్టితనాన్నిచ్చే పదార్థం. చెత్తగా ఉన్నప్పుడు తలనొప్పి అయిన ఆ గుణమే నర్సరీలో ఉపయోగపడింది. నెలల తరబడి తడిసినా పొట్టు కూలి ముద్ద కాదు, దాని ఖాళీలు తెరుచుకునే ఉంటాయి. తడిని తన బరువుకు ఎన్నో రెట్లు పట్టుకుంటుంది. నొక్కి ఆరబెట్టిన ఐదు కేజీల ఇటుక నీళ్ళు పోస్తే అరవై డెబ్బై లీటర్ల పొట్టుగా విచ్చుకుంటుంది. లారీ కిరాయి లెక్కల్లో ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇటుక తెచ్చి నానబెట్టి గింజ పెట్టేస్తే దెబ్బ తినొచ్చు. కొబ్బరి డొక్కలో సహజంగా పొటాష్ ఎక్కువ. డొక్కను ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి ఉంటే సోడియం కూడా చేరుతుంది. మామూలు నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగితే పైపై ఉప్పు పోతుంది, కానీ పొట్టు రేణువులకు అంటుకున్నది పోదు. దాన్ని దించాలంటే కాల్షియం కావాలి. కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెడితే సోడియం, పొటాష్ చోటు వదిలి కాల్షియం కూర్చుంటుంది. తర్వాత కడిగేయాలి. కడిగిన నీళ్ళలో ఉప్పు ఎంత మిగిలిందో విద్యుత్తు ప్రవహించే తీరును బట్టి చెప్పే చిన్న మీటరు దొరుకుతుంది, ఇ.సి. మీటరు అంటారు. అది ఒకటి లోపు చూపితే గింజకు భయం లేదు.

మాగని పచ్చి పొట్టుతో ఇంకో చిక్కు. అందులో కర్బనం నత్రజని కన్నా వంద రెట్లకు పైగా ఉంటుంది. సూక్ష్మజీవులు ఆ కర్బనం తినాలంటే వాటికి నత్రజని కావాలి. అది మొక్కకు వేసిన ఎరువులోంచి లాక్కుంటాయి. నారు పసుపు రంగుకు తిరుగుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు బూజు, యూరియా కలిపి పొట్టును మాగబెట్టే పద్ధతి అందుకే వచ్చింది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ పులియబెట్టిన కొబ్బరిపొట్టును అర్క పేరుతో తీసుకొచ్చింది.

నాకు ఒక సందేహం ఎప్పుడూ ఉంటుంది. వేరుశనగ ఇంత పండే సీమలో, మిల్లుల దగ్గర వేరుశనగ పొట్టు పొయ్యిల్లోకి పోతుంటే, మనం సముద్రపు ఒడ్డు నుంచి పొట్టు తెప్పించుకుంటున్నాం. వేరుశనగ పొట్టుకు లోపాలున్నాయి: త్వరగా చివికి కుంగుతుంది, పచ్చిగా వేస్తే నత్రజనిని లాక్కుంటుంది. మాగబెట్టి, జల్లించి, కొబ్బరిపొట్టులో కొంత పాలుగా కలపడం మాత్రం అసాధ్యమేమీ కాదు. ఈ పని మీద మనవాళ్ళు ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి.

ట్రేలో గింజ పెట్టాక చేసే పని చూడటానికి వింతగా ఉంటుంది. ట్రేలను పదేసి చొప్పున ఒకదాని మీద ఒకటి పేర్చి, పాలిథిన్ కాగితంతో చుట్టి, నీళ్ళు కూడా పోయకుండా నీడలో వదిలేస్తారు. మూడు నుంచి ఆరు రోజులు. లోపలి తడి ఎగిరిపోదు, వెచ్చదనం నిలుస్తుంది, టమాటా మిరపలకు ఆ దశలో వెలుతురు అక్కర్లేదు. మొలక తల ఎత్తగానే విప్పి షేడ్‌నెట్ కింద పరచాలి. ఒక్క పూట ఆలస్యమైతే చీకట్లో కాడలు తెల్లగా సాగి పడిపోతాయి. ట్రేలను నేలమీద కాకుండా కమ్మీల మీద పెడితే ఇంకో లాభం. అడుగు చిల్లు దగ్గరికి వచ్చిన వేరు కొస ఆరుగాలి తగిలి ఆగిపోతుంది, దాని వెనక పక్కవేర్లు పుడతాయి. పాలిథిన్ సంచిలో పెరిగే చెట్ల మొక్కల వేర్లు గోడ తగిలి చుట్టలు చుట్టుకుంటాయి. ఆ చుట్ట పదేళ్ళ తర్వాత కూడా విప్పుకోదు.

ఇక నారుకుళ్ళు. మన్ను మడిలో మొలకలు నేలకు ఆనిన చోట నీరుపట్టి వాలిపోయే ఈ తెగులు పిథియం, రైజోక్టోనియా వంటి బూజుల పని. కొత్త పొట్టులో అవి ఉండవన్నది నిజమే. కానీ ఎవరూ లేని ఇంట్లోకి మొదట వచ్చినవాడిదే రాజ్యం. పాత ట్రే కడగకుండా వాడినా, నేలమీద పడ్డ పైపు మొన ట్రేలో పెట్టినా తెగులు వచ్చేస్తుంది, దాన్ని అడ్డుకునే మంచి జీవులు అక్కడ ఉండవు. ముందుగానే ట్రైకోడెర్మా అనే మేలు బూజును పొట్టులో కలపడం అందుకే.

మొదటి అసలు ఆకులు రాగానే సద్ది అయిపోయినట్టు లెక్క. పొట్టులో తిండి లేదు. అప్పుడు 19-19-19 వంటి నీళ్ళలో కరిగే ఎరువును లీటరుకు రెండు మూడు గ్రాములు కలిపి పలచగా ఇవ్వాలి. టమాటా నారు 25 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు చేనికి సిద్ధమవుతుంది.

కణుపులో దాగిన వేరు

గింజతో అన్ని పనులూ జరగవు. బనగానపల్లె మామిడి టెంకను నాటితే వచ్చే చెట్టు బనగానపల్లె కాయ కాయదు. తండ్రి ఎవరో తేనెటీగకూ ఈగకూ తెలియాలి. చీనీకి మరో ఉపాయం ఉంది. పులివెందుల వైపు చీనీ తోటల్లో చెట్టు పైభాగం సాత్‌గుడి, వేరు చాలాచోట్ల రంగ్‌పూర్ నిమ్మ. ఆ నిమ్మ ఒక్కో గింజలో రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచే పుట్టినవి, అచ్చం తల్లిలాంటివి. తేడాగా కనిపించే మొలకలను నర్సరీవాళ్ళు పీకేస్తారు, మిగిలినవాటి మీద చీనీ మొగ్గ అంటిస్తారు. అంటు సంగతి ఇప్పటికి పక్కన పెడదాం. కొమ్మనే నాటి మొక్క చేయడం ఇక్కడి విషయం.

చెన్నూరు ఆకుతోటల్లో అవిశ చెట్లకు పాకించే తమలపాకు తీగ గింజతో రాదు. నాలుగైదు కణుపులున్న తీగముక్క కోసి, రెండు మూడు కణుపులు లోపలికి పోయేలా నాటుతారు. తీగను దగ్గరగా చూస్తే ప్రతి కణుపు దగ్గరా చిన్న వేళ్ళు చెట్టును పట్టుకోవడానికి ముందే సిద్ధంగా ఉంటాయి. తడి తగలడమే ఆలస్యం, అవి నేలవేర్లుగా సాగుతాయి. వాన్ హెల్మాంట్ విల్లో కొమ్మ అంత సులువుగా పట్టడానికీ ఇదే కారణం. విల్లో బెరడు కింద వేరు మొగ్గలు ముందే నిద్రపోతుంటాయి.

మల్లె, దానిమ్మ, మందారం లాంటివి కొత్తగా వేర్లు పుట్టించుకోవాలి. కొమ్మ కోసిన చోట మొదట గాయం మానడానికి కణాల ముద్ద ఏర్పడుతుంది. కొమ్మ లోపల, నీళ్ళు మోసే నాళాల పక్కన కొన్ని కణాలు తమ పాత పని మానేసి వేరుగా మారడం మొదలుపెడతాయి. వాటికి ఆ ఆజ్ఞ ఇచ్చేది చిగురులో తయారై కిందికి దిగే ఒక పదార్థం. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880లో గడ్డి మొలకలు వెలుతురు వైపు వంగడం చూసి, కొసలోంచి ఏదో కబురు కిందికి వెళుతోందని అనుమానించారు. 1926లో హాలండ్‌లో ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొసల నుంచి దాన్ని పట్టుకున్నాడు. అదే ఆక్సిన్, పెరుగుదల రసం. కొమ్మను కోయడంతో కిందికి దిగే రసానికి దారి మూసుకుపోతుంది, కోత దగ్గర పోగుపడి వేర్లు పుట్టిస్తుంది. అది ఎప్పుడూ చిగురు నుంచి మొదలు వైపే నడుస్తుంది, కొమ్మను తలకిందులుగా నాటినా దాని దారి మారదు. అందుకే తిరగేసి నాటిన కొమ్మ మీద మొదలు పైన ఉండి వృథా అవుతుంది. నాటేముందు కింది కొసను ఏటవాలుగా, పై కొసను తిన్నగా కోసే అలవాటు రెండు కొసలూ కలిసిపోకుండా కాపాడుతుంది. నర్సరీల్లో అమ్మే వేరు పొడిలో ఉండేది ఆక్సిన్‌కు దగ్గరి చుట్టం ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం. దాని గుణం 1935లో బయటపడింది. పొడి ఎక్కువ పూస్తే ఎక్కువ వేర్లు వస్తాయనుకోవద్దు. మోతాదు మించితే కింది కొస నల్లబడి కుళ్ళుతుంది.

కొమ్మకు అసలు గండం వేర్లు రాకముందే. తాగడానికి నోరు లేదు, ఆకులు మాత్రం నీళ్ళు వదులుతూనే ఉంటాయి. అందుకే ఆకులు సగానికి కత్తిరిస్తారు, పై కొసకు పేడముద్ద పెడతారు. గాలిలో తేమ పెంచాలని పాలిథిన్ గూడు కడతారు. కానీ కడపలో ఆ గూడును ఎండలో పెడితే కొమ్మలు ఉడుకుతాయి. గూడు ఎప్పుడూ షేడ్‌నెట్ కిందనే ఉండాలి. వాన మొదలయ్యాక, జూలై తర్వాత గాలి కాస్త మెత్తబడినప్పుడు చేస్తే అదే కొమ్మ సగం శ్రమతో పడుతుంది. దీనికి కొబ్బరిపొట్టు ఒక్కటే చాలదు, తడి ఎక్కువ. పెన్నా ఇసుకను కడిగి సగానికి సగం కలిపితే గాలి పెరుగుతుంది. ఇసుక కూడా మన్ను లేని నారుమడే. పొట్టు రాకముందు మాలీలు కొమ్మలు గుచ్చింది ఇసుకలోనే.

నాపరాళ్ళ కింది నీళ్ళు

మన ఇళ్ళలో పరిచే కడప బండ సున్నపురాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. ఆ పొరల గుండా వచ్చిన బోరు నీళ్ళు సున్నాన్ని కరిగించుకొని వస్తాయి. గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. పెద్ద చేనికి దీనితో తక్షణ ప్రమాదం లేదు, మన్ను చాలా సర్దుకుంటుంది. గుంతలోని గుప్పెడు పొట్టుకు ఆ ఓపిక ఉండదు. రోజూ పోసే నీళ్ళలోని బైకార్బనేటు పొట్టును క్రమంగా క్షారంగా మారుస్తుంది, అప్పుడు ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కొత్త ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. తెగులని మందు కొడితే ఫలితం ఉండదు. పెద్ద నర్సరీలు నీళ్ళలో కొలిచి ఆమ్లం కలుపుతాయి. చిన్నవాళ్ళకు వాననీళ్ళు ఉన్నాయి: వంద చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 700 మిల్లీమీటర్ల వాన పడితే డెబ్బై వేల లీటర్లు. అందులో కొంత పోయినా నారుకు కావలసినంత మిగులుతుంది. బోరు నీళ్ళను దాంతో సగం కలిపినా ఆకుల్లో తేడా కనిపిస్తుంది.

తిరిగి మన్నులోకి

నారు నాటే రోజున పొట్టుగడ్డ మళ్ళీ మన్నును కలుసుకుంటుంది. ఇక్కడే చాలామంది నష్టపోతారు, ముఖ్యంగా రేగడి చేలల్లో.

రేగడి రంధ్రాలు పొట్టు రంధ్రాల కన్నా సన్నం. సన్నటివి తడిని లాక్కుంటాయి. నాటి నీళ్ళు పెట్టిన రోజు మధ్యాహ్నానికే చుట్టూ చేను తడిగా ఉండగా గడ్డ మాత్రం ఆరిపోవచ్చు. వేర్లన్నీ ఇంకా గడ్డలోనే ఉన్నాయి, బయటి తడి వాటికి అందదు. గడ్డ పైభాగం నేల పైకి కనిపించేలా నాటితే మరీ నష్టం, గాలికి ఆ కొస నుంచి తడి ఎగిరిపోతుంది. గడ్డను ఒక వేలు మందాన మన్నుతో కప్పాలి. డ్రిప్పు బొట్టు జానెడు దూరంలో పడితే మొదటి వారం అది మొక్కకు లేనట్టే. గొట్టాన్ని జరిపి బొట్టు గడ్డ మీదే పడేలా చూడాలి. నాటడానికి వారం ముందు నుంచి నర్సరీలో నీళ్ళు కొంచెం తగ్గించి, వల నీడ కొంచెం తీసి నారును ఎండకు అలవాటు చేసి ఉంటే ఈ వారం గడుస్తుంది. నాటడం సాయంత్రం పూట పెట్టుకుంటే మొదటి రాత్రి చల్లదనం కలిసొస్తుంది.

ఏడెనిమిది రోజుల తర్వాత ఒక మొక్కను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా పైకి లాగి చూడండి. ఊడి వస్తే వేర్లు ఇంకా గడ్డ దాటలేదు, చిన్న తడులే రోజూ ఇవ్వాలి. పట్టు ఇచ్చి రాకపోతే మన్నులోకి దిగాయి. అప్పుడు బొట్టును కాస్త దూరం జరిపి, తడికీ తడికీ మధ్య ఒక రోజు ఎడం ఇవ్వొచ్చు.